అప్పలస్వామి: ఒక అరుదైన పురుష నామం, దాని పుట్టుక, అర్థం, వ్యాప్తి

సంక్షిప్త వివరం

పేరు: అప్పలస్వామి
ఎవరికి: పురుషులకు
పలికే తీరు: అప్ – ప – ల – స్వా – మి. ‘ప్ప’ను ఒత్తి పలకవలెను. ‘ల’ను తేలికగా పలకవలెను, అది ‘ళ’ కాదు.
వాడుక రూపాలు: అప్పలసామి, అప్పల్సామి
దగ్గరి పేర్లు: అప్పన్న, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసయ్య, సింహాద్రి, సింహాచలం
అర్థం: తండ్రివంటి స్వామి, సింహాచలంలో వెలసిన వరాహ లక్ష్మీనరసింహస్వామి
పుట్టినచోటు: ఆంధ్రప్రదేశ్ ఉత్తర కోస్తా, అనగా నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతం

పరిచయం

మనలో చాలామంది ఈ పేరును ఇంటిపేరుగానే ఎరుగుదురు. దక్షిణాఫ్రికానుండి, మారిషసునుండి, ఫిజీనుండి కెనడాకు వచ్చిన మన కుటుంబాల పత్రాలలో ఇది చివరి గడిలో కనిపిస్తుంది. పాస్‌పోర్టులో, బడి పట్టికలో, ఆసుపత్రి కార్డులో అక్కడే ఉంటుంది. కాని ఇది ఇంటిపేరు కాదు. ఒక తల్లి, ఒక తండ్రి తమ బిడ్డకు నామకరణం నాడు పెట్టుకున్న పేరు. ఒకానొక ఓడ ఎక్కిన మనిషికి ఇదే పూర్తి పేరు. అది ఎట్లా ఇంటిపేరు అయినదో, పేరుగా ఎందుకు అరుదైనదో తెలుసుకొంటే మన పూర్వుల కథలో సగం తెలిసినట్లే.

పదాల అర్థం

ఈ పేరులో రెండు మాటలున్నాయి: అప్పల, స్వామి.

‘అప్ప’ అంటే తండ్రి. ఇది సంస్కృతం నుండి వచ్చిన మాట కాదు. తెలుగు, తమిళం, కన్నడం మూడింటికీ చెందిన పాత మాట. కొన్ని తెలుగు ప్రాంతాలలో అక్కను కూడా అప్ప అని పిలుస్తారు. రెండు వాడుకలలోనూ పెద్దరికం, ఆప్యాయత కలిసి ఉన్నాయి. దీనికి ‘అన్న’ చేరితే ‘అప్పన్న’ అవుతుంది (అప్ప + అన్న = అప్పన్న). ఉత్తరాంధ్ర ప్రజలు సింహాచలం దేవుణ్ణి ‘సింహాద్రి అప్పన్న’ అని పిలుచుకొంటారు. దేవుడి శాస్త్రోక్తమైన పేరు శ్రీ వరాహ లక్ష్మీనరసింహస్వామి. ఆ పేరు పూజారి నోట వినిపిస్తుంది. పొలంలో, వంటింట, బండి తోలేటప్పుడు వినిపించేది మాత్రం అప్పన్న. ఒక్క మాటలోనే ఆయనను తండ్రిని చేసుకొన్నారు, అన్నను చేసుకొన్నారు.

మరొక మాట ముందు చేరేటప్పుడు ఇదే ‘అప్పల’ అవుతుంది: అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసయ్య, అప్పలమ్మ. ఆ ప్రాంతంలోనే ‘వరహాల’ అనే మరొక మాట ఇటువంటిదే. వరాహస్వామి పేరుమీద వరహాలనాయుడు, వరహాలమ్మ అని పిలుచుకొంటారు.

‘స్వామి’ సంస్కృత పదం. ఏలిక, యజమాని, ప్రభువు అని అర్థం. వాడుక తెలుగులో ఇది ‘సామి’ అవుతుంది.

కావున అప్పలస్వామి అనగా ‘అప్పన్న అనే స్వామి’. సగం తెలుగు, సగం సంస్కృతం. సగం ఇల్లు, సగం గుడి.

కొత్తగా తెలుగు నేర్చుకొంటున్నవారికి రెండు మాటలు చెప్పవలెను. దీనికి పిండివంట ‘అప్పాల’తో సంబంధం లేదు. బాకీ అనే అర్థం గల ‘అప్పు’తోనూ సంబంధం లేదు.

సింహాచలం

విశాఖపట్నం పక్కన ఉన్న కొండమీద ఈ క్షేత్రం ఉన్నది. ప్రహ్లాదుణ్ణి రక్షించిన దేవుడు ఇక్కడ వరాహ, నరసింహ రూపాలు రెండూ కలిసిన మూర్తిగా వెలిశాడని స్థలపురాణం. గుడిలోని పాత శాసనాలు 11వ శతాబ్ది చివరి కాలానివి. 13వ శతాబ్దిలో తూర్పు గాంగుల ఏలుబడిలో ఆలయం పెద్ద కట్టడంగా రూపుదిద్దుకొన్నది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఇక్కడికి వచ్చి స్వామికి కానుకలు ఇచ్చినట్లు శాసనం ఉన్నది. విజయనగరం పూసపాటి రాజవంశంవారు ఆలయానికి వంశపారంపర్య ధర్మకర్తలు.

ఈ దేవుడి నిజరూపాన్ని ఏడాదికి ఒక్కనాడే చూడగలము. మిగిలిన కాలమంతా మూర్తిమీద చందనపు పూత ఉంటుంది. వైశాఖ శుద్ధ తదియ, అనగా అక్షయ తృతీయ నాడు ఆ పూత తొలగిస్తారు. ఆ రోజునే చందనోత్సవం అంటారు. దర్శనం ముగిసిన తరువాత తిరిగి చందనం పూస్తారు. ఆనాడు మూడు మణుగులు, ఆపైన వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములలో మూడేసి మణుగులు సమర్పించడం ఆచారం. ఆషాఢ పౌర్ణమికి భక్తులు కొండచుట్టూ సుమారు 32 కిలోమీటర్లు నడిచి గిరిప్రదక్షిణ చేస్తారు.

పేరుకు సంబంధించి మనం తెలుసుకోవలసినది ఆ గుడిలోని కప్పస్తంభం. పిల్లలు లేని దంపతులు ఆ స్తంభాన్ని కౌగిలించుకొని మొక్కుకొంటారు. మొక్కు ఫలించి బిడ్డ పుడితే స్వామి పేరు పెడతారు. కొండకు వచ్చి పుట్టువెంట్రుకలు తీయిస్తారు. పశువులున్న ఇంట పుట్టిన కోడెదూడను కూడా అప్పన్నకు ఇచ్చే ఆచారం ఉన్నది. బిడ్డలు పుట్టి పోతున్న ఇంట, ఈ ఒక్కడైనా నిలవాలని దేవుడి పేరు పెట్టేవారు. కనుక అప్పలస్వామి అనే పేరు చాలా ఇళ్ళలో అలంకారానికి పెట్టినది కాదు. ఒక మొక్కు చెల్లించినందుకు గుర్తు. ఆ పేరుగల పసివాడికోసం ఎవరో కొండ ఎక్కారు.

తోబుట్టువుల వంటి పేర్లు

ఉత్తరాంధ్ర పేర్లలో చాలావాటికి ఒక్కొక్క గుడి ఉన్నది. మీ వంశవృక్షంలో ఈ క్రింది పేర్లు కనిపిస్తే అవి ఆయా క్షేత్రాలవైపు చూపుతాయి.

సింహాచలం అప్పన్న: అప్పన్న, అప్పలస్వామి, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలకొండ, సింహాద్రి, సింహాచలం, వరహాలు, వరహాలమ్మ
శ్రీకూర్మం కూర్మనాథుడు: కూర్మయ్య, కూర్మారావు, కూర్మినాయుడు
విజయనగరం పైడితల్లి అమ్మవారు: పైడయ్య, పైడిరాజు, పైడితల్లి, పైడమ్మ
అనకాపల్లి నూకాంబిక: నూకయ్య, నూకరాజు, నూకాలమ్మ
అరసవల్లి సూర్యదేవుడు: సూర్యనారాయణ, సూరయ్య, సూరమ్మ

వీటిలో చివరిది తెలుగునాట అంతటా ఉన్నదే. మిగిలినవి ఉత్తరాంధ్రలో మిక్కిలిగా వినిపిస్తాయి. ‘సింహాచలం’ పురుషులకూ, స్త్రీలకూ పెట్టే పేరు. కావున పాత పట్టికలో ఆ పేరు కనబడితే మగవారో ఆడవారో పక్క గడి చూసి తెలుసుకోవలెను.

ఇంకొక జాగ్రత్త. తమిళులలో ‘అప్పాసామి’ అనే పేరు ఉన్నది. రెండూ ఇంగ్లీషు అక్షరాలలో ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. నడుమ ‘ల’ ఉన్నదా లేదా అని చూడండి. ‘ల’ ఉంటే అది తెలుగు పేరు అనుకోవడానికి బలమైన ఆధారం.

ఓడ ఎక్కిన పేరు

మద్రాసునుండి బయలుదేరిన ‘ట్రూరో’ అనే ఓడ 1860 నవంబరు 16న డర్బను చేరింది. అప్పటినుండి 1911 వరకు నటాలు చెరకు తోటలకు 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా వచ్చారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రాజధానికి చెందిన తమిళులు, తెలుగువారు. మారిషసుకు తెలుగువారి ప్రయాణం అంతకుముందే, 1830ల దశకంలోనే మొదలైనది. గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న కోరంగి రేవు పేరుమీద అక్కడి తెలుగువారిని ‘కోరంగివారు’ అన్నారు. ఫిజీకి కలకత్తానుండి 1879లో ఓడలు మొదలైనా, మద్రాసునుండి మొదలైనది 1903లో. 1916లో ఆ ప్రయాణాలు ఆగేలోపు దక్షిణాదివారు దాదాపు 15,000 మంది ఫిజీ చేరారు.

ఆ రోజులలో ఓడ పట్టికలో రాసుకొన్నవి: పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, గ్రామం, ఎత్తు, ఒంటిమీది గుర్తులు. ఇంటిపేరుకు గడి లేదు. తెలుగువాడికి ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత. ఆ ముందున్నది మద్రాసు రేవులోనే రాలిపోయింది. అక్కడినుండి ఆ మనిషి ఒక్క పేరు, ఒక నంబరు.

తరువాత ఆయన పిల్లలకు పుట్టుక నమోదు చేయవలసి వచ్చింది. దొరల లెక్కలో ప్రతి బిడ్డకూ కుటుంబనామం ఉండవలెను. లేదు గనుక తండ్రి పేరునే ఆ గడిలో రాశారు. నటాలులో, మారిషసులో అది అక్కడే గట్టిపడి తరతరాలకు ఇంటిపేరు అయినది. ఫిజీలో చాలా కుటుంబాలు తండ్రి పేరును రెండవ పేరుగా పెట్టుకొంటూ వచ్చాయి. కావున అక్కడ తరానికొకసారి మారింది. ఆ కుటుంబాలు కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండు చేరిన తరువాత, చేరిననాటికి ఏ పేరు ఉన్నదో అది ఇంటిపేరుగా నిలిచింది.

‘అప్పల్సామి’ తప్పా?

మన పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఇది. పత్రాలలో ‘అప్పల్సామి’ అన్నట్లుగా ఉంటుంది. ‘అప్పల’లో చివరి అచ్చు లేదు, ‘స్వా’లో వకారం లేదు. తెల్ల గుమాస్తా పేరును పాడుచేశాడని మన పెద్దలే చెబుతూ ఉంటారు. నేనూ చాలాకాలం అట్లాగే చెప్పినాను.

కాని ఉత్తరాంధ్రవారి మాట విన్నప్పుడు వేరుగా తోస్తుంది. అక్కడ ‘స్వామి’ని ‘సామి’ అంటారు. ‘అప్పలనాయుడు’ను వేగంగా ‘అప్పల్నాయుడు’ అంటారు. ఆ ప్రాంతపు ప్రసిద్ధ కథకులు అట్టాడ అప్పల్నాయుడుగారి పేరు పుస్తకాల అట్టలమీద ఆ విధంగానే అచ్చయింది. అందులో ఏ దొర చేయీ లేదు. కనుక ‘అప్పల్సామి’ని గుమాస్తా పొరపాటు అని తోసివేయనక్కరలేదు. నీ పేరేమి అని అడిగినప్పుడు ఆ మనిషి తన ఊరి యాసలో ఏమి పలికాడో, గుమాస్తా తన అక్షరాలలో దానినే రాసి ఉండవచ్చును. గ్రంథంలో ‘అప్పలస్వామి’ సరియైనది. కాగితంమీద ఉన్నది మన తాత గొంతు. రెండింటిలో ఒకటి తప్పని అనవలసిన పని లేదు.

‘అప్పడు’ వంటి రూపాల సంగతి వేరు. మారిషసు తెలుగువారిలో అప్పడు, ఎర్రిగాడు వంటి కుటుంబనామాలు ఉన్నాయి. చివరనున్న ‘డు’, ‘గాడు’ ఇంట్లో పిల్లవాణ్ణి పిలిచే చనువు కావచ్చు. కూలివాణ్ణి పిలిచే చులకన కావచ్చు. అదే మారిషసు తెలుగు ఇళ్ళలో దీపం వెలిగించి, భజనలు పాడి సింహాద్రి అప్పన్న పూజ చేసే ఆచారం నేటికీ ఉన్నది. పేరు చివర ‘డు’ చేరినా దేవుడిమీద భక్తి తగ్గలేదు.

పేరు ఎందుకు అరుదైనది?

రెండు చోట్ల రెండు కారణాలున్నాయి.

ఆంధ్రదేశంలో ఈ పేరు రైతులలో, కూలీలలో, చేతిపనివారిలో ఎక్కువ. చదువులు, పట్నవాసం పెరిగిన తరువాత ఇది పల్లెటూరి పేరు అనిపించుకొన్నది. సినిమాలలో నౌకరుకూ, అమాయకుడికీ ఇటువంటి పేర్లు పెట్టి నవ్వించారు. నేటి తల్లిదండ్రులు పొట్టి సంస్కృత నామాలను కోరుకొంటున్నారు. అయినా వేరు ఎండిపోలేదు. పలాసకు చెందిన వైద్యుడు సీదిరి అప్పలరాజు 2020లో ఆంధ్రప్రదేశ్ మంత్రి అయ్యారు. 2024లో విజయనగరంనుండి లోక్‌సభకు ఎన్నికైనవారు కలిశెట్టి అప్పలనాయుడు. అరుదైపోతున్నది ‘స్వామి’తో కూడిన రూపం, అది ఎక్కువగా తాతల తరానికి మిగిలిపోయింది.

తోటల దేశాలలో కారణం వేరు. అక్కడ ఈ పేరును ఎవరూ చిన్నచూపు చూసి వదలలేదు. అది ఇంటిపేరు గడిలో కూర్చున్నందువలన, మళ్ళీ దానినే బిడ్డకు పెట్టడం కుదరలేదు. ఇంటిపేరు అప్పలస్వామి, సొంత పేరూ అప్పలస్వామి అంటే ఎవరు ఒప్పుకొంటారు? మన సంప్రదాయంలో మనవడికి తాత పేరు పెట్టడం గౌరవం. ఆ తాత పేరు అందరికీ ఇంటిపేరు అయినప్పుడు, ఒక్కరికీ పేరు కాకుండా పోయింది. ఎక్కువమంది మోస్తున్న పేరే ఎవరికీ పెట్టని పేరు అయినది.

కెనడాలో

బ్రిటిష్ కొలంబియా, ఒంటారియో ప్రభుత్వాలు శిశు నామాల పట్టికలు విడుదల చేస్తాయి. ఒక ఏడాదిలో ఐదుగురికంటే తక్కువమందికి పెట్టిన పేర్లు వాటిలో చేర్చరు. కావున అటువంటి పట్టికలో ఒక పేరు కనబడకపోతే అది దేశంలో లేదని కాదు. పెట్టినవారు తక్కువ అని మాత్రమే.

ఇక్కడ నా ఇంటి సంగతి చెప్పక తప్పదు. మా నాన్నగారి పేరు అప్పలస్వామి. ఫిజీలో అది నాకు రెండవ పేరు. 1987 తరువాత మేము కెనడా వచ్చినప్పుడు నా ఇంటిపేరు అయినది. మా అబ్బాయి బడికి వెళ్ళిన మొదటి నెలలోనే తోటిపిల్లలు ‘యాపిల్’ అని పిలవసాగారు. ఇంటికి వచ్చి ఏడ్చేవాడు. మా నాన్నగారు అప్పటికి బ్రతికే ఉన్నారు. ఆయనను అడగకుండానే కాగితాలు పెట్టి ఆ పేరును ‘సామి’గా కుదించినాను. పదిరోజుల తరువాత ఆయన బల్లమీద ఆ ఉత్తరం చూసి, “అప్పన్నను తీసేసినావా, బాబూ?” అని మాత్రం అన్నారు. నా వద్ద సమాధానం లేదు. ఆ తప్పు బడిది కాదు, పిల్లలది కాదు, నాదే. పేరుకు అర్థం చెప్పి ఉంటే మా వాడు దానిని మోయగలిగేవాడేమో. చెప్పడానికి అప్పుడు నాకే తెలియదు.

ఈమధ్య ఒక యువ జంట నామకరణానికి ముహూర్తం అడగడానికి మా గుడికి వచ్చారు. అబ్బాయి ముత్తాత పేరు ఇదే. నానమ్మ ఆ పేరు పెట్టమంటున్నది. వారు ‘యాపిల్’కు భయపడుతున్నారు. పైన రాసినదంతా వారికి చెప్పినాను. ఏది పెట్టవలెనో చెప్పలేదు. చివరకు బిడ్డకు ఒక చిన్న పేరు ముందు పెట్టి, ‘అప్పలస్వామి’ని కుదించకుండా నడిమి పేరుగా ఉంచారు. నానమ్మ బిడ్డ చెవిలో మూడుసార్లు ఆ పేరే చెప్పింది.

ఈ పేరు పెట్టదలచినవారికి దారులు మూడు ఉన్నాయి. పూర్తి పేరుగా పెట్టవచ్చు. నడిమి పేరుగా ఉంచవచ్చు. లేదా ‘అప్పన్న’, ‘సింహాద్రి’ వంటి దగ్గరి పేరు ఎన్నుకోవచ్చు. ‘సామి’ ఒక్కటే మిగిల్చితే అర్థం మారుతుంది. అప్పుడు ఏ స్వామి అన్నది తెలియదు.

మీ పత్రాలలో వెతికేటప్పుడు

ఒకటి. జిల్లా గడిలో ‘వైజాగపటం’ అని ఉంటే అది నేటి విశాఖపట్నం ఒక్కటే కాదు. ఆ పాత జిల్లా చాలా పెద్దది. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం విడివడ్డాయి. 2022లో అనకాపల్లి, పార్వతీపురం మన్యం మొదలైన కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి.

రెండు. ‘గంజాం’ అని ఉంటే మీ పూర్వులు ఒడియావారే అని తీర్మానించవద్దు. శ్రీకాకుళం ప్రాంతం 1936 వరకు గంజాం జిల్లాలోనే ఉండేది.

మూడు. తండ్రి పేరు గడిని తప్పక చూడండి. కొడుకు పేరు తమిళమో తెలుగో తేలనప్పుడు, తండ్రి పేరు సింహాద్రి అనో కూర్మయ్య అనో ఉంటే దారి తెలుస్తుంది.

నాలుగు. పేరు ఒక్కటే సాక్ష్యం కాదు. అప్పన్న భక్తులు గోదావరి జిల్లాలలోనూ ఉన్నారు, ఒడిశాలోనూ ఉన్నారు. గ్రామం, ఠాణా కలిసినప్పుడే ఊరు తేలుతుంది.

అర్చన చీటీలో

గుడిలో అర్చన చీటీమీద పేరు, గోత్రం, నక్షత్రం రాయమంటారు. గోత్రం తెలియదని మనవాళ్ళు సిగ్గుపడుతూ ఆ గడి ఖాళీగా వదిలి, పేరు గడిలో పొట్టి పేరు రాసి వెళ్ళిపోతారు. గోత్రం ఓడలో పోయినందుకు మీ తప్పు ఏమీ లేదు. ఉన్న పేరును మాత్రం పూర్తిగా, తెలుగు అక్షరాలలో రాయండి: అప్పలస్వామి. సంకల్పంలో పూజారిగారు దానిని పూర్తిగా చదువుతారు.